ఆరితేరినవాళ్ల లినక్స్

తలుపు తీసి, చెప్పులు గుమ్మం పక్కన విడిచి, కటింగక్క అన్నిటికన్నా ముందు చేసే పని కంప్యూటర్ పెట్టడం. కత్తెర తరవాత. సుద్దముక్క తరవాత. సారు అలాగే చెప్పాడు. "పళ్లు తోముకున్నట్టు రోజూ పొద్దున్నే అప్‌డేట్ కొట్టాలమ్మా. మానకూడదు." ఆమె మానలేదు. ఒళ్లు కాలిపోతున్న రోజు కూడా వచ్చి అప్‌డేట్ కొట్టి, ఆ తరవాతే ఇంటికెళ్లి ముసుగు తన్నింది.

ఆ పొద్దున్న కూడా కొట్టింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పైకి పాకిపోయాయి. అన్నీ ఇంగ్లీషే, అందులో ఒక్క ముక్క ఆమెకు తెలియదు. తెలియాలని ఎవరూ అనలేదు. మధ్యలో ఆగి ఏదో అడుగుతుంది. సరే అన్నట్టు ఒక మీట నొక్కాలి. నొక్కింది. అంతా అయ్యాక ఆపి, మళ్లీ పెట్టి, ఈలోపు బల్ల తుడిచింది.

తుడిచి చూస్తే రావలసిన బొమ్మలు రాలేదు. తెరంతా నలుపు. పై మూలన చిన్న తెల్లగీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఆలస్యమవుతోందేమో అనుకుంది. గోడకు ఆనించిన తెల్లగుడ్డ తానుల్లో ఒకదాన్ని దింపి, అంచు పట్టి లాగి, నేత ఎటు సాగుతోందో చూసింది. పెద్దాసుపత్రి వాళ్ల కోట్లు అవి. డాక్టర్లకు, నర్సులకు, మందులిచ్చేవాళ్లకు. సన్నవాళ్లకూ లావువాళ్లకూ రకరకాల సైజులు. ఆ సైజులన్నిటికీ గుడ్డ కత్తిరించే అచ్చులు ఆమే గీసింది, ఆ కంప్యూటర్లోనే, ఒక్కొక్క మెడ వంపూ లాగి లాగి. ఇవాళ వాటిని పెద్ద ప్రింటర్లో తీస్తే రేపటికి కత్తిరింపు మొదలు.

తెల్లగీత అలాగే కొట్టుకుంటోంది.

"ఏంటక్కా, అప్పు ఎగ్గొట్టినవాణ్ని చూసినట్టు చూస్తున్నావు దాన్ని?" అంటూ వచ్చింది కాజాల వదిన. గుండీలకు కాజాలు తీసే మనిషి. చేతికన్నా నోరు పదును.

"రావట్లేదు."

"నెత్తిన ఒక్కటియ్యి."

"మీ ఇంటి రేడియో కాదే తల్లీ."

కుట్టేవాళ్లు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. మిషన్ల మీద కప్పిన గుడ్డలు తీశారు, దారాలు ఎక్కించారు, మిషన్లలో నూనె చుక్క వేశారు, చేతులు కట్టుకు కూర్చున్నారు. మూల బల్ల దగ్గర ఇస్త్రీ బాబాయ్ పెట్టె వేడెక్కించి, ఇస్త్రీ చెయ్యడానికేమీ లేక తన తువ్వాలునే రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు.

ప్రెసిడెంటమ్మ వచ్చి తెర చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కుట్టుసంఘానికి ఆమే పెద్ద. మంచి మనిషి. భయస్తురాలు. కోట్ల కాగితం మీద సంతకం పెట్టిన రోజు నుంచీ ఆమెకు నిద్ర లేదు. వెంటనే మరిదికి ఫోన్ చేసింది. ఆ మరిదే సారు. ఏదో పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. సంఘానికి ఈ కంప్యూటర్, దాన్ని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేరూ పెట్టిచ్చింది ఆయనే, ఊరికే.

"సాయంత్రం వస్తాడంట" అంది ప్రెసిడెంటమ్మ ఫోన్ దింపి. "నువ్వేం ముట్టుకోలేదు కదా?"

"రోజూ ముట్టుకునేదే ముట్టుకున్నా."

మిషన్లు ఊరికే ఉంటే చూడలేక కటింగక్క గోధుమరంగు కాగితం పరిచింది. ఇదివరకు చేత్తో గీసిన అచ్చులు గోడ మీది మేకుకు కట్టగా వేలాడుతుండేవి. కంప్యూటర్ వచ్చాక "అన్నీ అందులో ఉన్నాయి కదా" అని పాతకాగితాల వాడికి తూకానికి వేసేశారు. ఇప్పుడు మేకు ఒక్కటే ఉంది. ఆమె మోకాలు బల్లకు ఆనించి, స్కేలు పెట్టి వీపు గీసింది, భుజం వాలు దించింది, చంకగుంట దగ్గర స్కేలు తీసేసి చెయ్యి వదిలి ఒక్క గుక్కలో వంపు తిప్పింది. కుట్టుకు వదలాల్సింది వదిలి చుట్టూ మళ్లీ గీసింది. అన్నాల వేళకు ఒక్క సైజు తేలింది. కుట్టేవాళ్ల చేతులకు అది ఏ మూలకూ చాలదు.

సాయంత్రం సారు వచ్చాడు. భుజాన సంచి, సంచిలో ల్యాప్‌టాప్, దాని మూత నిండా రంగురంగుల స్టిక్కర్లు. కుర్చీ లాక్కుని కూర్చుని కాసేపు టకటకలాడించాడు. ఆయన వేళ్లు చూస్తే ముచ్చటేస్తుంది, నిజం చెప్పాలంటే. నోరు తెరిస్తేనే చిక్కు.

"అప్‌డేట్ చేశావా?"

"చేశాను సార్."

"చేసేముందు లినక్స్ వాళ్ల పేజీలో వార్త చదివావా?"

"ఏ వార్త సార్?"

"ఏదైనా పెద్దది మారుస్తుంటే వాళ్లు ముందుగా రాస్తారు. అది చదివి, చేత్తో చెయ్యాల్సిందేదో చేసి, అప్పుడు కొట్టాలి. చదవకుండా కొడితే ఇదిగో, ఇలాగే ఉంటుంది."

"మీరు ఆ మాట చెప్పలేదు సార్. రోజూ కొట్టమన్నారు. కొట్టాను."

"అన్నీ నేనే చెప్పాలా? తెలుసుకోవాలమ్మా." ప్రెసిడెంటమ్మ వైపు తిరిగాడు. "బండిలో లోపం లేదు వదినా. డ్రైవరే తేడా."

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కటింగక్క చెవులు వేడెక్కాయి. చెప్పినట్టు చేసింది. ఒక్కపూట కూడా తప్పకుండా చేసింది. బద్ధకించి మానేసి ఉంటే ఈ వేళకు అచ్చులు ప్రింటై బల్ల మీద ఉండేవి. అంటే తప్పు ఏమిటి? మాట వినడమా?

"సార్, ఒక్క మాట" అంది. "పక్కవీధి జిరాక్స్ షాపులో కూడా లినక్సే అంట. ఆకుపచ్చగా ఉంటుంది. అన్నీ బొమ్మలే, నొక్కితే వచ్చేస్తాయి. అతనిది ఎప్పుడూ ఆగినట్టు చూళ్లేదు. మనకీ అదే పెట్టకూడదా?"

సారు నవ్వాడు. చిన్నపిల్ల చందమామ కావాలంటే నవ్వే నవ్వు.

"లినక్స్ అంటే ఒక్కటి కాదమ్మా. వంద రకాలు. డిస్ట్రోలంటాం. నువ్వు చెప్పేది కొత్తవాళ్లది. పాలసీసా. అన్నీ వాడే పెట్టిస్తాడు, మనం నోరు తెరిస్తే చాలు. ఇది అలా కాదు. ఆరితేరినవాళ్లది. లోపల ఏముండాలో ఒక్కొక్కటీ మనమే పేర్చుకుంటాం. పని తెలిసినవాడెవడూ ఆ పచ్చదాన్ని ముట్టుకోడు."

"నేను కొత్తదాన్నే కద సార్."

"అందుకే ఇది పెట్టింది. దీంతో కుస్తీ పడితే నేర్చుకుంటావు. దాంతో జన్మలో నేర్చుకోవు."

"నేర్చుకుంటాను సార్. ఈలోపు కోట్లు ఎవరు కత్తిరిస్తారు?"

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది, కటింగక్క తరఫున. సారు మొహం కందగడ్డైంది. "ఊరికే చేస్తున్నాను వదినా. ఒక్క రూపాయి తీసుకోకుండా, ఆఫీసు అయ్యాక వచ్చి. మాటలు పడటానికా?"

"అయ్యో, దానికేం తెలుసు అబ్బాయ్, నువ్వు మనసులో పెట్టుకోకు" అంది ప్రెసిడెంటమ్మ గాభరాగా. కటింగక్క వైపు ఒక చూపు చూసింది.

అంతటితో ఆగిపోయింది. డబ్బు తీసుకున్నవాణ్ని ఇదేమిటని అడగొచ్చు. ఊరికే చేసేవాణ్ని అడగకూడదు. వాడు పెట్టింది తినాలి, అన్నది పడాలి, పైగా చల్లగా ఉండు నాయనా అనాలి. సారు కంప్యూటర్ విప్పి, లోపలి డిస్కు తీసి, గుడ్డముక్కలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఇంటి దగ్గర పెట్టి అచ్చులు బయటకు లాగుతానన్నాడు. కాజాల వదిన టీ ఇస్తే తాగి వెళ్లాడు.

మర్నాడు ప్రెసిడెంటమ్మ కటింగక్కను పక్కకు పిలిచింది. దారపు కండెలున్న అలమారా వెనక నిలబెట్టి, మొహం చూడకుండా కండెలు సర్దుతూ చెప్పింది.

"సోమవారం నుంచి నువ్వు గుండీల దగ్గర కూర్చో."

"గుండీలా?"

"కంప్యూటర్‌కి ఎవర్నో చూస్తానన్నాడు మా మరిది. అది వచ్చినవాణ్ని. అతను అచ్చులు తీస్తాడు. గీత మీద కత్తిరించడానికి కాజాల వదిన చాలు. నీకూ శ్రమ తగ్గుతుంది."

"నేనెప్పుడైనా శ్రమ అన్నానా?"

"అది కాదే. కోట్ల పని పోతే మన పరువేంటి చెప్పు. వాడు అంత చదువుకున్నాడు. నీ వల్ల కాదంటున్నాడు."

"ఏది నా వల్ల కాదు? కోటా, కంప్యూటరా?"

ప్రెసిడెంటమ్మ ఎర్రకండె తీసి నల్లకండెల్లో పెట్టింది. మళ్లీ తీసి ఎర్రవాటిలో పెట్టింది.

కటింగక్క వెనక్కి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. గుండీలంటే తక్కువ పనని కాదు. ఆ పనితోనే ఆమె ఈ షెడ్డులోకి వచ్చింది. కానీ మనిషి వీపు చూసి భుజం ఎంత వాలాలో తేల్చే చెయ్యి అది. ఆ చేతిని తీసుకెళ్లి గుండీల డబ్బాలో పెట్టమంటున్నారు, ఏదో పేజీలో ఎవరో రాసిన వార్త చదవనందుకు. ఆ మధ్యాహ్నం ఆమె గీసిన మెడ వంపు వంకర పోయింది. కాగితం చింపి ఉండచుట్టి విసిరింది. అలా విసరడం ఎవరూ చూడలేదు ఇదివరకు. ఇస్త్రీ బాబాయ్ వంగి, ఆ ఉండ తీసి, విప్పి, దాని మీద పెట్టె పెట్టి సాపు చేసి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"వెనకవైపు ఖాళీగానే ఉంది" అన్నాడు. అంతే.

రాత్రి అన్నం దగ్గర మొగుడితో చెప్పింది. అతను సిటీబస్సు డ్రైవరు.

"నాకు బస్సిచ్చేటప్పుడు నడపడం వచ్చా అనడిగారు" అన్నాడు అతను ముద్ద కలుపుతూ. "ఇంజను విప్పడం వచ్చా అనడగలేదు. అడిగుంటే ఇంకా క్లీనర్నే."

"ఆయన రోజూ ఇంజను మార్చమన్నాడు. అదీ జనం ఎక్కాక."

"మార్చావా?"

"మార్చాను."

"మరింకేం, బస్సు ఆగదూ?" నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "గుండీలంటే కూలి తగ్గుతుందా?"

"కూలి సంగతి కాదు" అంది. కంచం తీసేటప్పుడు చప్పుడు కాస్త ఎక్కువైంది.

ఆ తెల్లవారి సారు ఫోన్ చేశాడు. అచ్చులు దొరికాయి, ఇవాళ ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నాను, ఎవర్నైనా పంపండి అని. ప్రెసిడెంటమ్మ అటూ ఇటూ చూసి కటింగక్కనే పంపింది. మిగతావాళ్లకు ఇల్లు తెలియదు.

రెండో అంతస్తు. సారు భార్య తలుపు తీసింది. చేతిలో తడిబట్టలు. "ఆయన స్నానంలో ఉన్నారు, కూర్చో అక్కా. నువ్వేగా కత్తిరించేది? నా చొక్కా చంకలో పట్టేస్తోంది, కాస్త చూద్దూ" అంటూ చెయ్యెత్తి నిలబడింది.

కటింగక్క వేలు పెట్టి చూసింది. "గుడ్డ తక్కువై కాదమ్మా, గుంట పైకి తవ్వారు. కింద చిన్న అతుకేస్తే సరి." అంటూ మెడలో టేపు తీస్తూ, అలవాటుగా వెలుతురు వైపు తిరిగింది.

కిటికీ పక్కన బల్ల. బల్ల మీద పెద్ద తెర. అది ఆకుపచ్చగా ఉంది.

జిరాక్స్ షాపులో ఉన్నదే. ఆ పచ్చే. కింద వరసగా అవే బొమ్మలు. మధ్యలో ఆఫీసు పని కాబోలు, తెరిచిన పేజీలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. స్టిక్కర్ల ల్యాప్‌టాప్ మూత మూసి పుస్తకాల పైన పడుంది.

"ఇది మీదా అమ్మా?" అంది.

"నాదా! నేను దాన్ని ముట్టుకుంటే ఊరుకుంటారా? ఆయనదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందులోనే." ఆమె తడిబట్ట విదిలించి తీగ మీద వేసింది. "ఇదివరకు ఇంకోటేదో ఉండేది, నల్లది. పని చేసిన పూటకన్నా దాన్ని బాగుచేసిన పూటే ఎక్కువ. ఒకసారి ఇలాగే ఏదో అప్‌డేటంట, కొట్టగానే కళ్లు తేలేసింది. పెద్ద మీటింగు ఆ రోజు. ఆఫీసులో ఎంత గొడవైందో! ఆ దెబ్బతో ఇది పెట్టుకున్నారు. అప్పట్నుంచీ నా ప్రాణం హాయిగా ఉంది."

కటింగక్క టేపు చేతిలోనే ఉంది. కొలవాల్సింది కొలవలేదు.

సారు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఆమెను చూశాడు. ఆమె ఎటు చూస్తోందో చూశాడు. తువ్వాలు తలమీదే ఆగిపోయింది.

"అది... ఆఫీసు పనికి" అన్నాడు.

"కొత్తవాళ్లది కద సార్ ఇది."

"అంటే, పని మధ్యలో ఆగకూడదు కదమ్మా."

అనేశాక ఆ మాట ఆయన చెవిన కూడా పడింది.

"మరి నాది సార్?" అంది కటింగక్క.

వంటింట్లో కుళాయి కారుతోంది. సారు బల్ల దగ్గరికి వెళ్లి అక్కర్లేకపోయినా తెర ఆర్పాడు. డిస్కు చుట్టిన గుడ్డముక్క తీసి ఇచ్చాడు. దాని మీద పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"అచ్చులన్నీ ఇందులో ఉన్నాయి. రేపు వచ్చి పచ్చది పెడతాను, సరేనా? వదినతో మాత్రం ఈ... ఇదంతా అక్కర్లేదులే."

ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆయన భార్య చంక కొలత తీసుకుని, మెట్లు దిగింది. దిగుతుంటే కోపం తగ్గుతుందనుకుంది. ఒక్కొక్క మెట్టుకూ పెరిగింది. తెలియనివాడు తెలియక చేస్తే అదొక లెక్క. ఈయనకు తెలుసు. అదే గోతిలో తను పడి, లేచి, దులుపుకుని, సుఖమైన దారి చూసుకుని, వెనక వచ్చేవాళ్లను మాత్రం చెయ్యి పట్టి ఆ గోతిలోకే దింపాడు. పడ్డాక, నడవడం రాదని పేరు పెట్టాడు.

అన్న ప్రకారం మర్నాడు సారు వచ్చాడు. మిషన్లు సగం సగం నడుస్తున్నాయి, ఆమె చేత్తో గీసిన సైజుల మీద. ఆయన సంఘం కంప్యూటర్‌లో డిస్కు బిగిస్తూ, అందరికీ వినపడేలా ప్రెసిడెంటమ్మతో అన్నాడు:

"ఆలోచించాను వదినా. వీళ్ల స్థాయికి ఆ పాతది ఎక్కువైంది. నాదే పొరపాటు, ఎక్కువ ఆశించాను. కొత్తవాళ్లది పెట్టేస్తాను. సోమవారం వచ్చే అబ్బాయికి కూడా ఇది తేలిక."

"నీ ఇష్టం అబ్బాయ్. నీకు తెలియందేముంది" అంది ప్రెసిడెంటమ్మ.

కటింగక్క గుడ్డ మడతల్లో కత్తెర దింపి ఉంది. మధ్యలో ఆపితే అంచు పళ్లు పడుతుంది. చివరిదాకా కత్తిరించింది. ముక్క తీసి పక్కన పెట్టింది. కత్తెర బల్ల మీద పెట్టింది.

"కొత్తవాళ్లది అనకండి సారూ" అంది. "మీ ఇంట్లో ఉన్నది అనండి."

మిషన్లు ఒకటొకటిగా ఆగాయి.

"ఎవరింట్లో?" అంది ప్రెసిడెంటమ్మ.

సారు చేతిలో స్క్రూ ఉంది. దాన్ని బిగించకుండా తిప్పుతూ నిలబడ్డాడు. అబద్ధం ఆడొచ్చు. ఆడతాడనే అనుకుంది ఆమె. భార్య కోసం పెట్టానంటే సరిపోయేది. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో కూడా దారంతా అనుకుంటూ వచ్చింది.

"మా ఇంట్లో వదినా" అన్నాడు. "నేను వాడేది ఇదే. నాది కూడా ఒకసారి అలాగే ఆగిపోయింది. అప్‌డేట్ కొట్టాక."

"వార్త చదవకుండానా?" అంది కాజాల వదిన.

సారు స్క్రూ బల్ల మీద పెట్టాడు.

"చదవకుండానే" అన్నాడు సారు.

మొదట నవ్వింది ఇస్త్రీ బాబాయ్. ఆయన నవ్వుతాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. తరవాత షెడ్డు మొత్తం నవ్వింది. కటింగక్క నవ్వలేదు. ప్రెసిడెంటమ్మా నవ్వలేదు. ఆమె మరిది మొహం చూసింది, ఆ తరవాత కటింగక్క మొహం, చాలాసేపు.

"మరి ఆ అబ్బాయి దేనికి?" అంది చివరికి.

"అక్కర్లేదు వదినా."

"రావద్దని నువ్వే చెప్పు. ఇప్పుడే." గొంతు కొత్తగా ఉంది. ఆయన బయటికి వెళ్లి ఫోన్ చేసి వచ్చాడు. ప్రెసిడెంటమ్మ కటింగక్క వైపు ఒక అడుగు వేసి, బల్ల మీది ముక్కలు సర్ది వెళ్లింది. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

సారు కుర్చీ లాక్కున్నాడు. కటింగక్క కుర్చీ వీపు పట్టుకుంది.

"నేను కూర్చుంటాను సార్. మీరు చెప్పండి."

ఆయన లేచాడు. ఆమె కూర్చుంది. సారు తెచ్చిన ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చగానే పచ్చ తెర వచ్చింది. ముందు ఏ భాష కావాలని అడిగింది. వరస కిందికి జరుపుతూ పోతే తెలుగు కనిపించింది. ఆమె ఆగి, ఆయన వైపు తల తిప్పి చూసింది. ఆయన నేల చూశాడు. తెలుగు నొక్కింది. ఏ ఊరి వేళ అని అడిగింది, చెప్పింది. డిస్కు మొత్తం తీసుకోనా అంది, అచ్చులు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి కాబట్టి తీసుకోమంది. దేనికీ ఆయన చెప్పాల్సిన పని పడలేదు. అయినా వెనకే నిలబడి ఉన్నాడు.

తరవాత రహస్యపు మాట, అదే పాస్‌వర్డ్, పెట్టుకోమంది. ఇన్నాళ్లూ ఆయన పెట్టిన మాటే అందులో. ఆయనకు తెలిసిందే, ఆయన మార్చిందే. ఇప్పుడు కూడా అలవాటుగా ఆయన చెయ్యి కీబోర్డు మీదికి వచ్చింది.

ఆమె ఆ చేతిని తొయ్యలేదు. తన చేతులు మాత్రం తియ్యలేదు.

"అటు తిరగండి సారూ" అంది.

ఆయన ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. ఆ తరవాత మెల్లగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మిషన్లన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. కటింగక్క ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, తొందరేమీ లేకుండా కొట్టసాగింది.